రేవు పోయింది.. మడ అడవి మిగిలింది!

కాకినాడ ఫ్రెండ్స్ ఎవరి ఇన్‌స్టా చూసినా ఓ ఫొటో తప్పకుండా కనిపిస్తుంది. రెండువైపులా పచ్చటి మడ చెట్లు, మధ్యలో చెక్క వంతెన. అదే కోరంగి. కాకినాడ నుంచి యానాం రోడ్డులో వెళ్తే అరగంట ప్రయాణం. ఆ వంతెన మీద నేనూ నడిచా, ఫొటోలూ దిగా. కానీ నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది కింద కనిపించే బురద. ఎందుకంటే, ఒకప్పటి పెద్ద ఓడరేవుని మింగేసింది ఆ బురదే. ఈ అడవిని పెంచిందీ అదే.

అవును, కోరంగి ఒకప్పుడు ఓడరేవు! ఓడలు కట్టడానికి, రిపేర్లు చేయడానికి తూర్పు తీరంలో పేరున్న చోటు. పొట్ట చేతపట్టుకుని ఎంతోమంది ఇక్కడే ఓడెక్కి బర్మా వెళ్లారు. అందుకే రంగూన్‌లో తెలుగువాళ్లందరినీ ‘కోరంగీలు’ అనేవాళ్లు. మీది ఏ జిల్లా అయినా సరే, అక్కడ మీ పేరు కోరంగీనే!

ఆ రేవుని మొదట సముద్రం దెబ్బ కొట్టింది. 1789 డిసెంబర్ తుఫానులో మూడు భారీ అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ముంచెత్తాయి. యాభై ఏళ్లకు, 1839 నవంబర్‌లో మళ్లీ ఉప్పెన. ‘సైక్లోన్’ అనే మాటను ప్రపంచానికి ఇచ్చిన హెన్రీ పిడింగ్టన్ కూడా కోరంగి తుఫాను గురించి రాశాడంటే ఆ దెబ్బ ఎలాంటిదో ఊహించుకోండి. ఇంకోవైపు గోదారి ఏటా ఒండ్రు తెచ్చి పోస్తూనే ఉంది. పాయ పూడిపోయి, పెద్ద ఓడలు రావడం మానేశాయి. వ్యాపారమంతా మెల్లగా కాకినాడకు తరలిపోయింది.

ఆ ఒండ్రులోనే మడ చెట్లు పాతుకున్నాయి. ఈ చెట్లది భలే టెక్నిక్! బురదలో గాలి ఆడదు కాబట్టి, కొన్నిటి వేర్లు పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీల్చుకుంటాయి. కొన్ని రకాల్లో గింజ చెట్టుమీదే మొలకెత్తి, తర్వాత కింద పడుతుంది. వేర్లు బాగా చూడాలంటే ఆటు సమయంలో వెళ్లండి. బోటు షికారుకి పోటు సమయం బెస్ట్.

1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. చేపల్ని వేటాడే బావురు పిల్లి, నీటి కుక్కలు, రకరకాల కొంగలు ఇక్కడ ఉంటాయి. సముద్రంవైపు గోదారి ఇసుకతో ఏర్పడ్డ హోప్ ఐలాండ్‌లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. చుట్టుపక్కల మత్స్యకారులకు ఈ పాయలే బతుకుతెరువు. రొయ్య పిల్లలు, పీతలు పెరిగేది ఈ వేర్ల మధ్యే. అడవి తగ్గితే వాళ్ల వలలూ ఖాళీ అవుతాయి.

ఊళ్లకు కూడా ఇదే కాపలా. 2004 సునామీ తర్వాత తమిళనాడులోని కడలూరు తీరంలో పరిశీలిస్తే, ముందు చెట్లున్న ఊళ్లకు నష్టం తక్కువగా జరిగినట్టు తేలింది. కానీ గోదారి డెల్టాలో 1990ల రొయ్యల జోరులో చాలాచోట్ల మడ చెట్లు కొట్టేసి చెరువులు తవ్వేశారు. ఇప్పుడు ప్లాస్టిక్ బెడద తోడైంది. మనం విసిరే చిప్స్ కవర్ పోటుతో పాటు లోపలికెళ్లి, ఊపిరి పీల్చే వేర్లకు చుట్టుకుంటుంది. ఆటుకి నీళ్లు వెనక్కి పోతాయి, కవర్ మాత్రం అక్కడే ఉండిపోతుంది.

కాబట్టి కోరంగి వెళ్లండి. ఫొటోలు దిగండి, రీల్స్ చేయండి. తెచ్చుకున్న కవర్లూ సీసాలూ మళ్లీ బ్యాగులోనే వేసుకుని రండి. కోరంగికి పెద్ద ఓడలు ఇక రావు. తుఫాన్లు మాత్రం వస్తూనే ఉంటాయి. అప్పుడు ఊరికీ సముద్రానికీ మధ్య నిలబడేది ఈ చెట్లే.