మడక పట్టిన తరువాత



మన కడప జిల్లా సేద్యగాళ్లకు ఒక సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. తొలకరి పడిన దినమున ఊరంతా మడకలు కట్టును. ఆ దినమున ఎవరికీ అలుపు తెలియదు. కాని వేరుశనగ విత్తి, మొలక వచ్చి, ఆ పైన నెల దినములు వాన మొగము చాటేసినప్పుడు ఎవరు చేనికి పోయి గుంటక తోలుదురో, కలుపు తీయుదురో, పంట వారిది. మడక మీద చెయ్యి పెట్టి వెనుక చూచువానిని గూర్చి మన ప్రభువు చెప్పిన మాట (లూకా 9:62) మన రైతుకు అర్థమైనంతగా పట్టణవాసికి అర్థము కాదు. బాప్తిస్మపు దినము విత్తనము పడిన దినము. అది కోత దినము కాదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలోని పల్లె సంఘములను దర్శించునప్పుడు మేము పదే పదే చూచునది ఒకటి. బాప్తిస్మపు పుస్తకములో పేర్లు ఎక్కువ, ప్రభువు బల్లయొద్ద మనుష్యులు తక్కువ. క్రిస్మస్ నాడు మందిరము పట్టదు, మామూలు ఆదివారమున సగము చాపలు ఖాళీ. వచ్చినవారు ఎందుకు నిలువలేకపోవుచున్నారు? నిలిచినవారు ఎట్లు నిలిచిరి?

మన పెద్దలు నిలిచిన విధము

లండన్ మిషనరీ సొసైటీవారు కడపలో 1822లో పని ప్రారంభించిరి. చాలా ఏండ్లు ఫలము కొద్దిగానే కనబడినది. 1850ల దశకములో జిల్లా పల్లెలలోని మాల కుటుంబములు గుంపులు గుంపులుగా సువార్త వైపు తిరిగినవి. వారికి భూములు లేవు, చదువు లేదు, గ్రామములో మర్యాద లేదు. అట్టివారిని నిలిపినది ఒక్క దినపు ఉత్సాహము కాదు. పల్లెలో కాపురముండి, పగలు పిల్లలకు అక్షరములు దిద్దించి, సాయంకాలము పెద్దలకు వాక్యము వినిపించిన ఉపదేశుల సేవ వారికి ఆధారమైనది. 1876-78 సంవత్సరముల గొప్ప కరువు రాయలసీమను ఊడ్చివేసినను సంఘము మిగిలినది. జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ ఆసుపత్రి, 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో మన పల్లె సంఘములు భాగమగుట, ఇవన్నియు ఆ ఓర్పు మీద కట్టబడినవే.

అదే కరువులో ఒంగోలు ప్రాంతమున బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు చేసిన పని గమనించండి. ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకములో ఒక భాగము గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలాదిమందికి కూలి ఇప్పించెను. బాప్తిస్మము కోరినవారికి మాత్రము కరువు తీరువరకు ఇవ్వలేదు. అన్నము కొరకు వచ్చినవారెవరో, ప్రభువు కొరకు వచ్చినవారెవరో తేలవలెనని ఆయన ఉద్దేశము. కరువు సడలిన తరువాత 1878 జులై 3న ఒక్క దినములోనే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో మొదలైన సంఘమది! గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కవేసికొనవలెనని ప్రభువు నేర్పెను గదా (లూకా 14:28).

నేడు వెనుకకు లాగునవి

మొదటిది, కాగితము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను మతముతో ముడిపెట్టెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించినది గాని క్రైస్తవులకు కాదు. షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారికి మన రాష్ట్రములో బి.సి.-సి క్రింద ఒక్క శాతము రిజర్వేషను ఉన్నది. బిడ్డ చదువు ఒక ప్రక్క, ఒప్పుకోలు ఒక ప్రక్క లాగుచుండగా తండ్రి పడు వేదనను మేము తేలికగా ఎంచము. ఈ న్యాయము కొరకు సంఘమంతా కలిసి అడుగవలెను. అంతేగాని ఒంటరిగా నలుగుచున్న ఇంటిని వేలెత్తి చూపరాదు.

రెండవది, నిరాశ. జబ్బు నయమగునని ప్రభువునొద్దకు వచ్చిన ఇంటిలో జబ్బు తిరగబెట్టినప్పుడు, బంధువులు తాయెత్తు పట్టుకొని వత్తురు. ఆ రాత్రి సంఘపు పెద్దలు ఆ గడప తొక్కకపోతే తాయెత్తు గెలుచును.

మూడవది, వలస. కువైట్‌కు ఇంటిపనికి పోయిన అక్క, బెంగుళూరులో కట్టడపు పనికి పోయిన తమ్ముడు నెలల తరబడి సహవాసము లేక చల్లబడుదురు.

దేమా, మార్కు

పౌలు తన చివరి పత్రికలో ఇద్దరిని ప్రక్క ప్రక్కనే పేర్కొనెను. దేమా ఒకప్పుడు జతపనివాడు (ఫిలేమోను 24). లోకమును ప్రేమించి అతడు విడిచిపోయెను (2 తిమోతి 4:10). మార్కు పెర్గేలోనే వెనుదిరిగినవాడు (అపొ. 13:13). అయినను ఆ తరువాతి వచనములోనే, అతనిని వెంటబెట్టుకొని రమ్మని పౌలు వ్రాయుచున్నాడు. నడుమ ఏమి జరిగెను? బర్నబా అతని చెయ్యి విడువలేదు (అపొ. 15:39). జారినవారందరు దేమాలు కారు. వారిలో అనేకులు బర్నబా దొరకని మార్కులు!

చేయదగినవి

క్రొత్తగా బాప్తిస్మము పొందిన ప్రతి ఇంటిని ఒక పాత విశ్వాసి ఇంటికి ఒక సంవత్సరము అప్పగించండి. సాయంకాలము దీపము పెట్టు వేళ ఇంటివారంతా కూర్చుండి ఒక చిన్న భాగము చదవండి. అమ్మకు చదువు రాకపోతే బడికి పోవు బిడ్డ చదువును. అది బిడ్డకూ దీవెన. వంటకు ముందు పిడికెడు బియ్యము ప్రభువు కొరకు తీసిపెట్టండి. ఇచ్చుట నేర్చినవాడు త్వరగా విడిచిపోడు. ఎవరైన రెండు ఆదివారములు కనబడకపోతే మూడవది రాకముందే వారి ఇంటికి వెళ్లండి. "ఎందుకు రాలేదు?" అని అడుగక, "ఎట్లున్నారు అక్కా?" అని అడగండి. దూర దేశములో నున్నవారికి వారమునకొకమారు ఫోను చేసి, ఫోనులోనే ప్రార్థించండి.

ఇవి గొప్ప కార్యములు కావు, ధనముతో పని లేనివి. ఆది సంఘము కూడ బోధయందును, సహవాసమందును, రొట్టె విరుచుటయందును, ప్రార్థనయందును ఎడతెగక యుండుటచేతనే నిలిచెను (అపొ. 2:42).

చాలు సగములో మడక వదలినవారు మీ పల్లెలో ఎవరైన ఉన్నారా? ఈ పత్రిక మూసిన వెంటనే వారి పేరు తలంచుకొని ప్రార్థించండి, ఈ వారమే వారి గడప తొక్కండి. మనలో మంచి పని ఆరంభించిన దేవుడు మనలనందరిని కోత దినమువరకు కాపాడును గాక. ఆమేన్.