డ్రాయింగ్ మాస్టారు కావాలంటే ఏ రాష్ట్రం గడప తొక్కాలి?
సూరత్ పరిసర తెలుగు యువత ముందున్న దారులు, అడ్డంకులు

కడోదరా (సూరత్): జాతీయ రహదారి పక్కనే వరుసగా నిలిచిన డైయింగ్, ప్రింటింగ్ మిల్లులు సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలోని కడోదరాకు ఆయువుపట్టు. ఒక పువ్వును గజాల కొద్దీ బట్టపై అతుకు కనిపించకుండా ఎలా పరచాలో, ఒక బొమ్మను ఎన్ని రంగులుగా విడదీసి ఎన్ని తెరలకు పంచాలో ఇక్కడి డిజైన్ గదులలో పనిచేసేవారికి కరతలామలకం. మగ్గాన్ని నమ్ముకొని తెలంగాణ జిల్లాల నుంచి సూరత్‌కు తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలలోని కొత్త తరం ఈ నైపుణ్యాన్ని బడిలో పాఠంగా చెప్పే ఉద్యోగంగా మలచుకోదలిస్తే, మొదట ఎదురయ్యే ప్రశ్న చిత్రకళకు సంబంధించినది కాదు. దరఖాస్తు ఏ రాష్ట్రంలో చేసుకోవాలి అన్నదే ఆ ప్రశ్న.

చిత్రకళా ఉపాధ్యాయ శిక్షణకు దేశమంతటికీ ఒకే ద్వారం లేదు. తెలుగు రాష్ట్రాలలో అనాదిగా నడుస్తున్నది టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్ కోర్సు. వేసవి సెలవులలో 42 రోజుల పాటు సాగే ఈ శిక్షణను ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహిస్తుంది. పదో తరగతి ఉత్తీర్ణతతో పాటు డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్షలో నెగ్గినవారే అర్హులు. వయసు 18 నుంచి 45 ఏళ్ల మధ్య ఉండాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. పదో తరగతిలో ఎన్ని మార్కులు వచ్చినా, చేతిలో ఎంత పనితనం ఉన్నా, లోయర్ గ్రేడ్ ధ్రువపత్రం లేనిదే శిక్షణకు దరఖాస్తు చెల్లదు.

పొరుగున ఉన్న మహారాష్ట్రలో రెండేళ్ల ఆర్ట్ టీచర్ డిప్లొమా ఉంది. అక్కడి కళా సంచాలకాలయం పాఠశాల విద్యార్థులకు ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ అనే రెండు డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలు నిర్వహిస్తుంది. వస్తుచిత్రణ, స్మృతిచిత్రణ, డిజైన్, జ్యామితి, అక్షరలేఖనం వీటిలోని ప్రధానాంశాలు. గుజరాత్‌లోనూ రాష్ట్ర పరీక్షా మండలి ఇటువంటి చిత్రకళా పరీక్షలు జరుపుతుంది. ఇక్కడ మాటలు చేసే మాయ ఒకటుంది. తెలుగువారికి ఇంటర్మీడియట్ అంటే పన్నెండో తరగతి. ఈ రాష్ట్రాల డ్రాయింగ్ మాస్టార్లకు అది బొమ్మల పరీక్ష. ‘ఇంటర్మీడియట్ పాసైనవారు’ అన్న ఒక్క మాటను పట్టుకొని పన్నెండో తరగతి మార్కుల జాబితా జతచేసి ఊరుకుంటే దరఖాస్తు పక్కకు పోతుంది. గుజరాతీ ప్రకటనలలో కనిపించే ‘శిక్షక్’ కూడా తొలిచూపులో తెలుగు చెవికి ఇబ్బందే. అక్కడ శిక్షణ అంటే చదువు, శిక్షక్ అంటే ఉపాధ్యాయుడు.

జాతీయ స్థాయిలో చూస్తే, జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలు దృశ్యకళలలో రెండేళ్ల కళావిద్యా డిప్లొమాను గుర్తించాయి. ఢిల్లీలోని జామియా మిలియా ఇస్లామియాలో కళావిద్యకు ప్రత్యేక విభాగమే ఉంది. సూరత్‌కు చేరువలోని వడోదరాలో మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయ లలితకళల విభాగం 1950 నుంచి నడుస్తోంది. మెదక్ ప్రాంతంలోని నిజాంపూర్ నుంచి వచ్చిన కె.లక్ష్మాగౌడ్ 1960లలో అక్కడే కుడ్యచిత్రణ, ముద్రణకళ అభ్యసించారు. అయితే అది కళాకారులను తీర్చిదిద్దే చదువు. కేంద్రీయ విద్యాలయాల వంటి సంస్థలు చిత్రకళా ఉపాధ్యాయ పోస్టులకు లలితకళలలో డిగ్రీని గానీ, దానికి సమానమైన దీర్ఘకాలిక డిప్లొమాను గానీ కోరుతూ వచ్చాయి. 42 రోజుల ధ్రువపత్రం ఒక్కటే అక్కడ అక్కరకు రాదు. కనుక చేరదలచిన కోర్సు వివరాల కంటే ముందు, చేయదలచిన ఉద్యోగం పాత నోటిఫికేషన్‌ను చదవడం మేలు.

అసలు చిక్కు శిక్షణ ముగిశాక మొదలవుతుంది. సూరత్ నగరపాలక సంస్థ పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఆ బడిలో అక్షరాలు దిద్దిన అమ్మాయి తెలుగులో చక్కగా పాఠం చెప్పగలదు, సెలవులకు సిరిసిల్లకో వరంగల్‌కో వెళ్లి వస్తుంది. అయినా తెలంగాణ ఉద్యోగ నియామకాలలో ఆమె స్థానికేతర అభ్యర్థే. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ప్రత్యక్ష నియామకాలలో 95 శాతం పోస్టులు స్థానికులవి. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్నదే స్థానికతకు కొలమానం. చదివింది తెలుగులోనా అన్నది ఆ లెక్కలోకి రాదు. మిగిలిన 5 శాతానికే ఆమె పోటీ పడాలి.

గుజరాత్‌లో ఉండిపోదామంటే రిజర్వేషన్ ప్రశ్న ఎదురవుతుంది. తెనాలి నుంచి ముంబయికి వలస వెళ్లిన కుటుంబానికి చెందిన మర్రి చంద్రశేఖరరావు వైద్యవిద్య ప్రవేశం కేసులో సుప్రీంకోర్టు 1990లో కీలక తీర్పు ఇచ్చింది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగగా గుర్తింపు ఉన్నంత మాత్రాన మరో రాష్ట్రంలో ఆ హక్కు వెంట రాదన్నది దాని సారాంశం. వెనుకబడిన తరగతుల జాబితాలూ రాష్ట్రాల వారీగానే ఉంటాయి. సొంతూరి కుల ధ్రువపత్రం జతచేసే ముందు, అది ఏ రాష్ట్ర ప్రకటనకు పనికివస్తుందో సరిచూసుకోక తప్పదు.

పేరు విషయం చిన్నదిగా తోస్తుంది గానీ, ధ్రువపత్రాల పరిశీలన బల్ల దగ్గర అదే పెద్దదవుతుంది. గుజరాత్ పద్ధతిలో ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి పేరు వరుసగా వస్తాయి. తెలుగు పద్ధతిలో తండ్రి పేరుకు చోటే లేదు. ఇంటిపేరు తరచూ పొడి అక్షరంగా మిగులుతుంది. ఒకే మనిషి రెండు ధ్రువపత్రాలలో ఇద్దరిలా కనిపించే పరిస్థితి ఇది. పదో తరగతి మార్కుల జాబితాలో ఉన్న పేరునే అక్షరం తేడా లేకుండా అన్ని దరఖాస్తులలో రాయడం, ఆధార్‌ను ముందే దానికి అనుగుణంగా సరిచేయించుకోవడం మంచిది.

ప్రవేశానికి అభిరుచి పరీక్షో, చిత్రాల సంపుటమో అడిగే సంస్థలకు మిల్లు అనుభవం కలిసివస్తుంది, అయితే దానిని చూపే తీరు ముఖ్యం. కంప్యూటర్‌పై వేసిన చీర అంచుల ముద్రితాలే నిండిన సంపుటంలో అభ్యర్థి చేయి కనిపించదు. ఎదురుగా ఉన్న వస్తువును చూసి పెన్సిల్‌తో గీసినవి, మనుషుల భంగిమలు, అక్షరలేఖనం, వాటి పక్కన చిత్తుగీతల నుంచి తుదిరూపం వరకు అంచెలంచెలుగా ఒకే డిజైన్ ఉంటే ఆలోచనా క్రమం తెలుస్తుంది. ఆ అంచెలే రేపు ఏడో తరగతి పిల్లలకు పాఠ్యప్రణాళిక కాగలవు.

పోస్టుల సంగతి ఆశాజనకమని చెప్పడం కష్టం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులలో వందమందికి మించి పిల్లలున్న బడికి కళావిద్య బోధకుని తప్పనిసరి చేసింది గానీ, ‘పార్ట్‌టైమ్’ అన్న మాట చేర్చింది. ఆ ఒక్క మాటతో చాలా చోట్ల డ్రాయింగ్ మాస్టారు కొలువు గౌరవ వేతనంతో నడిచే పనిగా మిగిలింది. 2023లో తెలంగాణ గురుకుల నియామక మండలి ఆర్ట్ టీచర్ పోస్టులకు ప్రకటన ఇవ్వడం అందుకే ప్రత్యేకంగా కనిపించింది.

వేసవి శిక్షణకు వెళ్లదలచిన కడోదరా కార్మికునికి 42 రోజులంటే నెలన్నర కూలి. పైగా లోయర్ గ్రేడ్ పరీక్ష అంతకుముందే పూర్తికావాలి. అందువల్ల ఒక వేసవిలో శిక్షణ పొందాలంటే అంతకు ఏడాది ముందు నుంచే పరీక్ష ప్రకటన కోసం ఆయా రాష్ట్రాల ప్రభుత్వ పరీక్షల విభాగం వెబ్‌సైట్‌ను గమనిస్తూ, రెండుసార్లు ప్రయాణానికీ, మిల్లులో రెండుసార్లు సెలవుకూ ఏర్పాటు చేసుకోవలసి ఉంటుంది.