రెండు జాకులు, మూడు స్పీకర్లు

మా సంఘం ఉగాది కచేరీలో ఓ పాప కీబోర్డు వాయిస్తుండగా ఆంప్లిఫయర్ మూగబోయింది. పాప కళ్లనీళ్లు పెట్టుకుంది. తప్పు నాదే. వెనుక రెండు జాకులు ఖాళీగా ఉన్నాయి కదా అని, లోపలి 8 ఓముల స్పీకరుకు తోడు అలాంటివే మరో రెండు పెట్టెలు తగిలించాను.

ఆ జాకులను సాధారణంగా సమాంతరంగా కలుపుతారు. 8 ఓములవి రెండు కలిస్తే 4. మూడైతే సుమారు 2.7. ఓములు తగ్గేకొద్దీ ట్రాన్సిస్టర్ల మీద కరెంటు భారం పెరుగుతుంది. ఒకే ఖాతా మీద ముగ్గురు చెక్కులు రాసినట్టన్నమాట! జాకుల పక్కనే ‘కనీసం 4 ఓములు’ అని ఉంది. బ్యాంకులో సంతకాలు సరిచూసే నేను అది చూడలేదు. వేడెక్కగానే రక్షణ సర్క్యూట్ ఆపేసింది కాబట్టి ట్రాన్సిస్టర్లు దక్కాయి.

అన్నట్టు, గిటారు తీగను స్పీకరుకు వాడకండి. లోపలి తీగ మరీ సన్నం.

ఒక పెట్టె తీసేశాక, చల్లారనిచ్చి, పాప చేత మళ్లీ మొదటినుంచీ వాయింపించాం.