‘హై వోల్టేజి’ అంటే ఏ వోల్టేజి?

చొప్పదండి చుట్టుపక్కల ఏ ఊళ్లో టీవీ కాలిపోయినా చెప్పే కారణం ఒక్కటే: "హై వోల్టేజి వచ్చింది." రిపేరు షాపులో అదే మాట, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర గుమిగూడినవాళ్లదీ అదే మాట. మాట తప్పేం కాదు. కానీ ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు జబ్బులున్నయి. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. స్పైక్ గార్డు, స్టెబిలైజరు రెండూ ఉన్న ఇంట్లో కూడా వస్తువులు కాలడానికి కారణం ఇదే.

మొదటిది అసలైన సర్జ్. ఏప్రిల్, మే సాయంత్రాల గాలిదుమారం, ఉరుములు మనకు కొత్త కాదు. పిడుగు ఇంటి మీదే పడాల్సిన పని లేదు. దగ్గర్లో పడినా చాలు, పొలాల మీదుగా పోయే తీగల్లో వేల వోల్టులు పుడతాయి. కాకపోతే అది ఉండేది మైక్రోసెకన్లే. ల్యాబుల్లో దీన్ని 8/20 తరంగంతో పరీక్షిస్తారు: కరెంటు 8 మైక్రోసెకన్లలో శిఖరానికి చేరి, 20 మైక్రోసెకన్లకు సగానికి పడిపోతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్క సైకిల్ 20 మిల్లీసెకన్లు, అంటే దీనికి వెయ్యి రెట్లు. స్టెబిలైజరులో రిలే కదలడానికే కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. అది కళ్లు తెరిచేలోపే కథ అయిపోతుంది.

ఇక్కడ పనికొచ్చేది ఎంఓవీ, అంటే మెటల్ ఆక్సైడ్ వేరిస్టర్. ప్రధానంగా జింక్ ఆక్సైడ్‌తో చేసిన చిన్న బిళ్ల. మామూలు వోల్టేజికి దాదాపు కరెంటు పోనియ్యదు. హద్దు దాటగానే నానోసెకన్లలో దారి తెరిచి సర్జ్‌ను పక్కకు మళ్లిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద 11 కేవీ వైపు కనిపించే మూడు లైట్నింగ్ అరెస్టర్లలో, ఇప్పటివాటిలో ఉండేదీ ఇదే పదార్థం. మెయిన్ బోర్డులో పెట్టుకునే టైప్ 2 ఎస్‌పీడీ వాటికి తమ్ముడన్నమాట.

మళ్లించాలంటే అవతల భూమి ఉండాలి కదా. ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసినరోజు తప్ప మళ్లీ దాని మొహం చూసేవాళ్లు తక్కువ. ఎండలకు నేల ఎండి రెసిస్టెన్స్ పెరిగేది సరిగ్గా గాలివానలు మొదలయ్యే ముందే. అప్పుడప్పుడు రెండు బకెట్ల నీళ్లు పోస్తే పోయేదేం లేదు. ఇంకో సంగతి ఎలక్ట్రీషియన్లు కూడా పట్టించుకోరు: ఎస్‌పీడీకి వేసే వైరు పొడవు. మీటరు వైరుకు దాదాపు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. 8 మైక్రోసెకన్లలో 10 వేల ఆంపియర్లు పెరిగితే ఆ మీటరు వైరు మీదే 1250 వోల్టులు పడతాయి. ఎస్‌పీడీ ఎంత మంచిదైనా ఆ వోల్టేజి మీ ఫ్రిజ్‌కు అదనం. అందుకే రెండు వైపులా కలిపి అర మీటరు దాటొద్దంటారు. మిగిలిన వైరును అందంగా చుట్ట చుట్టి లోపల పెడితే పని చెడినట్టే.

రెండో జబ్బు సర్జ్ కాదు, న్యూట్రల్ తెగడం. నా లెక్కన ఊళ్లలో ఎక్కువ భయపడాల్సింది దీనికే. గాలికి తీగ తెగినా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర జాయింటు వదులైనా రెండు వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు 400 వోల్టుల మధ్య సిరీస్‌లో పడతాయి. ఒక ఇంట్లో 1000 వాట్ల ఇస్త్రీపెట్టె, ఇంకో ఇంట్లో 100 వాట్ల లోడు, మూడో ఫేజు ఖాళీ అనుకుందాం. మొదటిది 53 ఓములు, రెండోది 529. లెక్క కడితే ఇస్త్రీపెట్టెకు 36 వోల్టులు, పక్కింటికి 364! తక్కువ వాడుకున్న ఇల్లే కాలుతుంది. ఆ ఇంట్లో కరెంటు 0.43 నుంచి 0.69 ఆంపియర్లకే పెరుగుతుంది కాబట్టి ఎంసీబీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

పైగా ఇది మైక్రోసెకన్లు కాదు, ఎవరైనా గమనించేదాకా నిమిషాలు. 364 వోల్టుల శిఖరం 514. మామూలు 275 వోల్టుల ఎంఓవీ 430 దగ్గరే తెరుచుకోవడం మొదలుపెడుతుంది. సెకనుకు వందసార్లు అలా కరెంటు మింగి వేడెక్కి, చవకరకం స్పైక్ గార్డయితే మంటే అంటుకోవచ్చు. దీనికి మందు వేరే: ఓవర్ వోల్టేజి రిలే. సుమారు 270 దాటగానే ఇల్లంతటికీ సప్లై కట్ చేసే డబ్బా, ఎంసీబీ పక్కనే పడుతుంది. అది లేకపోతే కళ్లే రిలే. కొన్ని ఇళ్లల్లో బల్బులు గుడ్డిగా, కొన్నింట్లో తెల్లగా మండుతున్నయంటే మెయిన్ ఆఫ్ చేసి లైన్‌మన్‌కు ఫోన్ చేయాలి. స్తంభం జోలికి మాత్రం పోవద్దు.

ఉరుములకైతే అన్నిటికన్నా చవకైన మందు ప్లగ్గు పీకడం. డిష్ కేబులు కూడా పీకాలి, సర్జ్ అటునుంచీ వస్తుంది. ఇదంతా మబ్బు దూరంగా ఉన్నప్పుడే, నెత్తిమీదికి వచ్చాక కాదు.

హాస్టల్లో మనం వాడే స్పైక్ గార్డుల్లో కొన్నింటికి పేరే తప్ప లోపల ఎంఓవీ ఉండదు. పెట్టె మీద జౌల్సో, క్లాంపింగ్ వోల్టేజో రాసి లేకపోతే అది ఎక్స్‌టెన్షన్ బాక్స్ అనే లెక్క. ఎంఓవీ ఉన్నా ప్రతి పెద్ద సర్జ్‌కు కొంత అరుగుతుంది. మెయిన్ బోర్డు ఎస్‌పీడీలకు చాలావాటికి ఒక చిన్న కిటికీ ఉంటుంది. ఆకుపచ్చగా ఉంటే పనిచేస్తున్నట్టు, ఎర్రగా మారితే కార్ట్రిడ్జి మార్చాల్సిందే. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు బోర్డులో అది ఏ రంగుందో, అసలు ఉందో లేదో చూడండి.