అమ్మతో పాటు ఫిడేలు

మన హాస్టల్ వార్షికోత్సవం అంటే డప్పు ఉంటుంది, కోలాటం ఉంటుంది, సినిమా పాటలకు డాన్సులు సరేసరి. ఈసారి మాలో నలుగురు ఫిడేలు పట్టుకుని కూర్చోబోతున్నాం. "ఇదెక్కడ నేర్చుకున్నార్రా?" అని ఇప్పటికే చాలామంది అడిగారు. కొందరు "అది మనలాంటి వాళ్ళకు వచ్చే విద్యేనా?" అని కూడా అన్నారు. ఆ రెండు ప్రశ్నలకూ కలిపి జవాబుగా ఈ వ్యాసం రాస్తున్నాం.

నిరుటి వేసవి సెలవుల్లో సూళ్ళూరుపేటలో ఒక విశ్రాంత వయొలిన్ మాస్టారు ఇరవై రోజులు ఉచితంగా పాఠాలు చెప్పారు. ఒక పాఠశాల వరండాలో, ఎండ ముదరకముందే, ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా. ఫీజు లేదు గాని ఒక షరతు ఉంది. పిల్లవాడు ఒక్కడే రాకూడదు. ఇంట్లోంచి ఎవరో ఒకరు, అమ్మో నాన్నో అక్కో అవ్వో, వెంట వచ్చి పక్కన కూర్చోవాలి. ఊరికే కూర్చుంటే సరిపోదు, వాళ్ళూ నేర్చుకోవాలి. మన హాస్టల్ నుంచి ఆరుగురం పేర్లు ఇచ్చాం. వెళ్ళగలిగింది నలుగురమే. మిగిలిన ఇద్దరి సంగతి చివర చెబుతాం.

మొదట ఫిడేలు గురించి. దీన్ని వయొలిన్ అంటారు, పుస్తకాల్లో వాయులీనం అని కూడా రాస్తారు. పల్లెటూళ్ళలో ఫిడేలే. 1939లో మన నెల్లూరు కవి పఠాభి తన పుస్తకానికి 'ఫిడేలు రాగాల డజన్' అని పేరు పెట్టారంటే ఆ మాట అప్పటికే తెలుగులో ఎంత కలిసిపోయిందో చూడండి. తడ 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది కాబట్టి ఆయన్ని మనవాడని చెప్పుకునే హక్కు మనకు ఉందని అనుకుంటున్నాం.

ఈ వాద్యం ఇప్పుడున్న రూపంలో పదహారో శతాబ్దంలో ఇటలీ ఉత్తర భాగంలో తయారైంది. పడవల్లోనూ దొరల పెట్టెల్లోనూ మన దేశానికి వచ్చింది. అయితే కర్ణాటక సంగీతంలోకి ఎక్కడ ప్రవేశించిందో తెలిసినప్పుడు మేము నిజంగా ఆశ్చర్యపోయాం. తడలో చెన్నై లోకల్ ఎక్కితే ఎన్నూరు దాటాక తిరువొత్తియూరు వస్తుంది. దానికి పడమరగా కొద్ది దూరంలో మణలి అనే ఊరుంది. ఇప్పుడు అక్కడ చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం ఉన్నాయి. రెండు వందల ఏళ్ళ క్రితం అక్కడి మొదలియార్ల ఇంట రామస్వామి దీక్షితులు కుటుంబం ఆశ్రయం పొందింది. మొదలియారు గారికి ఈస్టిండియా కంపెనీతో వ్యవహారాలు ఉండేవి. దీక్షితుల పిల్లలు సెయింట్ జార్జి కోటలో ఇంగ్లీషు బ్యాండు వినేవారు. పెద్దవాడైన ముత్తుస్వామి దీక్షితులు తర్వాత ఆ బ్యాండు వరసలకు సంస్కృత సాహిత్యం రాశారు. అవే నొట్టుస్వరాలు, నలభై దాకా ఉన్నాయి. తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) ఒక యూరోపియన్ దగ్గర సుమారు మూడేళ్ళు ఫిడేలు నేర్చుకుని, దాని మీద మన రాగాలు వాయించారు. పరాయి దేశపు పెట్టె మన పాటకు పక్కవాద్యమైంది అలాగే. అంటే ఫిడేలు ఎవరి తాతల ఆస్తీ కాదు. మొదట్లో అందరికీ కొత్తదే. ఒక ఇంట్లో పిల్లలు చెవులు రిక్కించి విన్నారు, ఒకడు నేర్చుకున్నాడు. అంతే.

ఇక మన తెలుగునాట కమానుతో వాయించే వాద్యాలు అసలు లేవా అంటే, ఉన్నాయి. ఆదిలాబాద్ అడవుల్లో గోండుల కథలు పాడే పర్ధాన్లు కిక్రి అనే వాద్యం వాయిస్తారు. చెక్క పొట్ట, దాని మీద తోలు, గుర్రపు వెంట్రుకలతో చేసిన మూడు తీగలు. గోండుల వంశ చరిత్రలన్నీ ఆ తీగల మీదే తరాలు దాటి వచ్చాయి. అక్కడ సంగీత కళాశాల లేదు. తండ్రి పాడుతుంటే కొడుకు పక్కన కూర్చుని వింటాడు. ముందు చెవి నేర్చుకుంటుంది, తర్వాత చెయ్యి. మా మాస్టారి షరతు కొత్తదేమీ కాదని దీన్నిబట్టి మాకు అర్థమైంది.

ఇప్పుడు వరండాలోకి వద్దాం. వచ్చినవాళ్ళం పదకొండు జంటలం, ఫిడేళ్ళు అయిదు. వాటిలో ఒకటే పెద్దది. రెండు ముప్పావు సైజువి, రెండు అర సైజువి. చెయ్యి పొడవును బట్టి సైజు ఇవ్వాలి. చిన్నవాడికి పెద్ద ఫిడేలు ఇస్తే వేళ్ళు అందక, తనకు రాదని వాడే అనుకుంటాడట.

మొదటి రోజు నవ్వులాట. కొత్త కమాను తీసి తీగ మీద లాగితే శబ్దం రాలేదు! ఎంత లాగినా మూగే. మాలో ఒకడు "సార్, ఇది పాడైపోయింది" అన్నాడు. మాస్టారు నవ్వి చిన్న తేనెరంగు బిళ్ళ తీసి కమాను మీద రుద్దమన్నారు. అది రోజిన్, దేవదారు జాతి చెట్ల బంక నుంచి చేస్తారు. కమానుకు గుర్రం తోక వెంట్రుకలు నూట యాభై దాకా ఉంటాయి. అవి నున్నగా జారిపోతే తీగ కదలదు. రోజిన్ పొడి అంటితే వెంట్రుక తీగను పట్టుకుంటుంది, లాగుతుంది, వదులుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. సెకనులో కొన్ని వందల సార్లు ఇలా జరిగితే మనకు ఒకటే నాదంగా వినిపిస్తుంది. ఆ కదలికను బ్రిడ్జి అనే చిన్న చెక్క పైపలకకు అందిస్తుంది. లోపల పైపలకకూ కింది పలకకూ మధ్య ఒక చిన్న కర్ర నిలబెట్టి ఉంటుంది. జిగురు ఉండదు, బిగువు మీదే నిలుస్తుంది. ఫ్రెంచి వాళ్ళు దాన్ని 'ఆత్మ' అని పిలుస్తారట. ఆ కర్ర పడిపోతే ఫిడేలు గొంతు పోతుంది. భౌతికశాస్త్రంలో ధ్వని పాఠం రెండుసార్లు చదివాం గాని అనునాదం అంటే ఏమిటో మాకు అర్థమైంది ఆ రోజే.

దొరలు నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయిస్తారు. మనం బాసింపట్టు వేసి కూర్చుని, కుడికాలు కొంచెం ముందుకు చాపి, ఫిడేలు తలను చీలమండ మీద ఆనించి, రెండో కొసను ఎడమ భుజం దగ్గర ఆనిస్తాం. ఎందుకంటే ఎడమ చేతికి బరువు మోసే పని ఉండకూడదు. గమకాలకు వేళ్ళు తీగ మీద పైకీ కిందికీ జారాలి. నాలుగు తీగలను మంద్ర షడ్జమం, మంద్ర పంచమం, మధ్య షడ్జమం, మధ్య పంచమం వచ్చేలా శ్రుతి చేస్తారు. మా వైపు ఉప్పుగాలికి తీగలు చుట్టే బిరడాలు ఊరికే జారిపోయేవి. సుద్దముక్క రాస్తే నిలిచాయి. సుద్దముక్కలకు పాఠశాలలో కరువా!

అన్నింటికంటే కష్టమైన విషయం, ఫిడేలుకు మెట్లు లేవు. వీణకు ఇరవై నాలుగు మెట్లు ఉంటాయి, మెట్టు మీద నొక్కితే స్వరం అక్కడ ఉంటుంది. ఫిడేలులో వేలు ఒక్క పిసరు జరిగినా అపస్వరమే. మాలో ఒకడు పెన్సిలుతో గీతలు పెట్టుకుంటానన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. "కంటితో వెతికితే దొరకదు అబ్బాయ్, చెవితో వెతుకు" అన్నారు.

చెవికి పని ఎలా పెట్టారో చెప్పాలి. రెండో రోజు ఆయన ఫిడేళ్ళు మా చేతికి ఇవ్వలేదు. అమ్మలను పాడమన్నారు. మీ పిల్లలు చంటివాళ్ళుగా ఉన్నప్పుడు పాడిన జోలపాట పాడండమ్మా అన్నారు. వాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. ఒకరు "మాదేం పాట సార్, మీ ముందర పాడేదానికి" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చివరికి మాలో ఒకడి అవ్వ మొదలుపెట్టింది. సరస్సులో చేపల వేటకు వెళ్ళే ఇల్లు వాళ్ళది. పాటలో సగం తెలుగు, సగం అరవం. నాలుగు స్వరాలకు మించి లేదు. మాస్టారు ఆమె గొంతుకు తగ్గట్టు తీగ శ్రుతి దించి, ఆ నాలుగు స్వరాలూ ఎక్కడున్నాయో మనవణ్ణే వెతకమన్నారు. వాడు తప్పు చోట వేలు పెట్టినప్పుడల్లా అవ్వ తల అడ్డంగా ఊపింది. ఆమెకు స్వరాల పేర్లు తెలియవు, తప్పు మాత్రం తెలుసు. అరగంటకు పాట దొరికింది. ఆ తర్వాత మిగిలిన అమ్మలకు సిగ్గు పోయింది.

మరుసటి రోజు నుంచి పద్ధతి ప్రకారం మాయామాళవగౌళ రాగంలో సరళీస్వరాలు. అయిదు జంటలు వాయిస్తే ఆరు జంటలు పాడాలి. తర్వాత మార్పు. మా అమ్మలే మాకంటే ముందు సరళీ వరసలు నోటికి నేర్చుకున్నారు. కమాను పట్టడంలో మాత్రం మేమే ముందు. ఇంటి దగ్గర ఫిడేలు లేకపోయినా రాత్రి అన్నాలయ్యాక అమ్మ పాడుతుంటే మేము చేతిమీద వేళ్ళు వేసి అభ్యాసం చేశాం.

ఇలా పెద్దవాళ్ళతో కలిపి నేర్పడం జపానులో షినిచి సుజుకి (1898–1998) అనే ఆయన బాగా ప్రచారం చేశారు. ఆయన తండ్రికి ఫిడేళ్ళ కర్మాగారం ఉండేది, అయినా సుజుకి ఫిడేలు పట్టింది పదిహేడేళ్ళ వయసులో, ఒక గ్రామఫోను రికార్డు విని. ప్రతి పిల్లవాడూ మాతృభాషను తప్పు లేకుండా నేర్చుకుంటున్నాడు కదా, సంగీతం ఎందుకు రాదు అన్నది ఆయన ప్రశ్న. అందుకని ఆయన పద్ధతిలో మొదట తల్లికే ఫిడేలు ఇస్తారు. అమ్మ వాయించడం చూసి పిల్లవాడే తనకూ కావాలని చెయ్యి చాపుతాడు. ఐర్లాండులో మిల్టౌన్ మాల్బే అనే చిన్న ఊరిలో 1973 నుంచి ఏటా జులైలో విలీ క్లాన్సీ పేరిట వేసవి పాఠశాల జరుగుతోంది. అక్కడ జానపద ఫిడేలును ఎక్కువగా చెవితోనే నేర్పుతారు. పిల్లలూ ముసలివాళ్ళూ ఒకే గదిలో కూర్చుంటారు.

మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి (1893–1964) సంగతి చెప్పకుండా ముగించలేం. 'ఫిడేలు నాయుడు గారు' అంటే ఆయనే. చూపు మందగించి చదువు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారే మొదట ఫిడేలు నేర్పారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆయన అక్కడ వయొలిన్ ఆచార్యులయ్యారు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. 1957లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కుమార్తె మంగతాయారు గారూ పేరున్న విద్వాంసురాలే. బడిలో బోర్డు కనిపించని పిల్లవాడికి అన్న పక్కన కూర్చోవడం వల్ల ఎంత దారి దొరికిందో చూడండి. మాలో ఏడాదికి పది నెలలు ఇంటికి దూరంగా ఉండేవాళ్ళం ఈ విషయాన్ని ఇంకో రకంగా ఆలోచించాం. మేము ఇంటికి వెళ్తే అమ్మ అన్నం పెడుతుంది, మార్కులు అడుగుతుంది, తర్వాత మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. ఆ ఇరవై రోజులు మాత్రం రైల్లో తడ నుంచి అక్కంపేట, అక్కంపేట నుంచి సూళ్ళూరుపేట దాకా ఒకటే వాదన, రిషభం ఎవరిది సరిగా ఉందని.

ఇక ఆ ఇద్దరి సంగతి. ఒకడి అమ్మ శ్రీసిటీలో ఒక కంపెనీలో పనిచేస్తుంది. ఉదయం షిఫ్టు, బస్సు ఆరింటికే. సెలవు పెడితే జీతం పోతుంది. రెండోవాడికి ఇంట్లో నాన్న ఒక్కడే, ఆయన లారీ మీద ఉంటాడు. షరతు మంచిదే, కాదనం. కానీ ఆ షరతు వల్లే మా అందరిలోకి బాగా పాడే పిల్లవాడు రాలేకపోయాడు. ఈ మాట మాస్టారితో చెప్పాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, వచ్చే వేసవిలో సాయంత్రం ఆరు నుంచి ఇంకో తరగతి పెడతాననీ, ఎవరూ లేనివాడికి వార్డెన్ సారో, వంట చేసే అక్కో పక్కన కూర్చున్నా చాలుననీ అన్నారు. ఈ సంగతి విని మన వంట అక్క, "నేను కూర్చుంటా గాని సాంబారు ఎవరు దించుతారు?" అంది. మేము దించుతాం.

ఇరవై రోజులయ్యాక ఫిడేళ్ళు తిరిగి ఇచ్చేశాం. వాటిలో ముప్పావు సైజుది ఒకటి మాస్టారు మన హాస్టల్‌కు ఏడాది పాటు వాడుకోమని ఇచ్చారు. రాత్రి చదువు గంట అయ్యాక స్టోరు రూములో వంతులవారీగా వాయిస్తున్నాం. వెళ్ళలేని ఆ ఇద్దరికీ మేమే సరళీస్వరాలు చెబుతున్నాం. ఆరుగురికి ఒక్కటే, ఒక్కొక్కరికి పది నిమిషాలు. కొత్తది కొనాలంటే తక్కువలో తక్కువ నాలుగైదు వేలు అవుతుంది. కాబట్టి ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీకు తెలిసినవాళ్ళ ఇంట్లో అటక మీద వాడని ఫిడేలు ఉంటే వార్డెన్ సారుకు ఒక మాట చెప్పండి. తీగలు తెగినా, కమాను వెంట్రుకలు ఊడినా పరవాలేదు, బాగుచేసేవాళ్ళు చెన్నైలో ఉన్నారు. లోపలి కర్ర పడిపోయి గలగలమంటున్నా పారేయకండి, దాన్ని మళ్ళీ నిలబెట్టవచ్చు.