సంతోషము: మెదడును విశ్వాసమును



ఎకరము పొలము కొన్నవాడు మొదటి పంట ఇంటికి చేరకమునుపే గట్టున కావలి ఎకరమువైపు చూచుట మీరెరిగినదే. కోరినది చేతికందిన పిమ్మట సంతోషము నిలువకపోవుటకు కారణమేమి? దీనికి మెదడును గూర్చిన శాస్త్రము ఒక సమాధానము చెప్పుచున్నది. క్రైస్తవ విశ్వాసము వేరొక త్రోవను వచ్చి దాని సమీపముననే నిలుచుచున్నది. ఆ రెంటిని నేడు మీ యెదుట నుంచదలచితిని.

1954వ సంవత్సరమున కెనడా దేశమందలి మెగిల్ విశ్వవిద్యాలయమున జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అను శాస్త్రజ్ఞులు ఎలుక మెదడులోనికి సన్నని తీగను చొప్పించి, అది యొక మీటను నొక్కినప్పుడెల్ల స్వల్పమైన విద్యుత్తు ఆ చోటికి పోవునట్లు చేసిరి. ఎలుక ఆ మీటను మాటిమాటికి నొక్కసాగెను. తరువాతి పరీక్షలలో కొన్ని ఎలుకలు గంటకు వేలకొలది మారులు నొక్కినవి; ఆహారమును సైతము విడిచి మీటనే పట్టుకొన్నవియు కలవు. మెదడులో సుఖమునకు స్థానము దొరకినదని పలువురు తలచిరి.

ఆ తలంపు పూర్తిగా సరికాదని పిమ్మట తేలినది. మెదడులో డోపమిన్ అను రసాయనద్రవ్యము కలదు. 1989లో అమెరికాయందు కెంట్ బెరిడ్జి మొదలగువారు, ఆ ద్రవ్యము దాదాపు నశించిన ఎలుకలను పరీక్షించిరి. అవి యెదుటనున్న ఆహారమును ముట్టలేదు. అయినను నోట తీపినీరు పోసినచో మునుపటివలెనే ఇష్టముతో చప్పరించినవి. అనగా కోరుట వేరు, రుచి ననుభవించుట వేరు.

వుల్ఫ్‌రామ్ షుల్ట్జ్ కోతులను పరీక్షించి మరియొక సంగతి తెలిపెను. అనుకొనకుండ పండ్లరసము నోటికందినప్పుడు డోపమిన్ కణములు మిక్కిలి చలించెను. రసమునకు ముందొక గురుతు కనబడుట అలవాటైన తరువాత, ఆ చలనము గురుతునకే కలిగెను గాని రసమునకు కలుగలేదు. పొలము కొన్నవాని సంగతియు కొంతవరకిట్టిదే. ఎదురుచూచిన దినములలోని వేడి, పొలము తనదైన పిమ్మట చల్లారును. కోరిక మాత్రము మరియొక గట్టు వెదకుకొనును.

ఇక విశ్వాసమువైపు చూతము. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు పత్రిక వ్రాసినది బంధకములలో నుండి. నాలుగే అధ్యాయములుగల ఆ పత్రికలో సంతోషమను మాట పలుమారులు వచ్చును. కలిమియందును లేమియందును తృప్తిగా నుండుట తాను నేర్చుకొంటినని ఆయన అందు చెప్పెను. నేర్చుకొంటి నను మాటను గమనింపుడు. తృప్తి పుట్టుకతో వచ్చినది కాదు, కొన్నది కాదు, అభ్యాసమువలన కలిగినది. అదియు ఒంటరి అభ్యాసము కాదు. ఎపఫ్రొదితు చేత ఫిలిప్పీ సంఘమువారు పంపిన సహాయమునకు కృతజ్ఞతయు ఆ పత్రికలోనే కలదు.

కృతజ్ఞతను గూర్చి 2003లో ఎమ్మన్స్, మెకల్లో అను మనశ్శాస్త్రజ్ఞులు తమ పరిశోధనను ప్రకటించిరి. పది వారములు, వారమునకొకసారి, తాము పొందిన మేళ్లను వ్రాసికొన్న విద్యార్థులు, చికాకులను వ్రాసికొన్నవారికంటె తమ జీవితమును మేలైనదిగా నెంచిరి. లెక్క చిన్నదే, కాని పెద్దలు రాత్రి ప్రార్థనలో చేయు పని యిదియే కదా.

ఇచ్చట నొక హెచ్చరిక అవసరము. ప్రభువు కొండమీది ప్రసంగమున దుఃఖపడువారిని ధన్యులని పిలిచెను. తెలుగు బైబిలు సుఖులు అనక ధన్యులు అనుట తగియున్నది. కన్నీరుగలవాడును ధన్యుడు కావచ్చును. నేను ఒకప్పుడు ఈ భేదము నెరుగక, బిడ్డను పోగొట్టుకొన్న యొక తల్లితో, విశ్వాసముగలవారు ఇంతగా ఏడువరాదని పలికితిని. ఆమె మారు పలుకలేదు. మరల మా గడప త్రొక్కలేదు. ఆ మౌనము నేటికిని నన్ను వదలలేదు.

వారములకొలది నిద్రయు ఆకలియు తప్పి, చేయు పనియందు మనసు నిలువనివారు మీ యూరను ఉండవచ్చును. అది కుంగుబాటు అను వ్యాధి కావచ్చును. అట్టివారిని నిందింపక వైద్యునియొద్దకు తోడ్కొనిపోవలయును. మందు తీసికొనుట దేవుని నమ్మకపోవుట కాదు.

ప్రార్థించువాని మెదడులో మార్పులు కనబడుచున్నవి గనుక ప్రార్థన వట్టి రసాయనక్రియయే యని కొందరందురు. తల్లిని చూచిన బిడ్డ మెదడులోను మార్పు కలుగును; అందుచేత తల్లి లేదందుమా? దేవుడు కలడా లేడా యను ప్రశ్నను ఎలుకల మీట తేల్చజాలదు. కోరిక ఎందుకు తీరదో శాస్త్రము కొంత చెప్పినది; తృప్తిని ఎవరియొద్ద, ఎవరితో కూడి నేర్చుకొనవలయునో విశ్వాసము చెప్పుచున్నది.

పెద్దలారా, మీ వీధిలో దుఃఖముతో నున్న ఇల్లొకటి యుండినయెడల రేపు పోయి వారియొద్ద కొంతసేపు కూర్చుండుడు. బోధింప నక్కరలేదు. నేను ఆనాడు చేయక విడిచినది అదియే.