కొరత రోజుల్లో ధర ఎందుకు ఎగురుతుంది?

2020 మార్చి నెల మీలో చాలామందికి లీలగా గుర్తుండవచ్చు. కోవిడ్ వ్యాధి మన దేశంలో వ్యాపిస్తున్న రోజులవి. మందుల షాపుకు వెళ్లి శానిటైజర్ అడిగితే "స్టాకు లేదు" అనేవారు. దొరికినచోట ధర మండిపోతూ ఉండేది. ఆ నెల 13న కేంద్ర ప్రభుత్వం మాస్కులను, శానిటైజర్లను నిత్యావసర వస్తువుల జాబితాలో చేర్చింది. 21న ధర కూడా నిర్ణయించింది. 200 మిల్లీలీటర్ల శానిటైజర్ సీసాను 100 రూపాయలకు మించి అమ్మకూడదు. రెండు పొరల మాస్కును 8 రూపాయలకు, మూడు పొరల మాస్కును 10 రూపాయలకు మించి అమ్మకూడదు.

ఆలోచించండి. సీసా అదే, అందులోని ద్రవమూ అదే. కొద్ది వారాల్లో దాని ధర మాత్రం ఎందుకంత మారిపోయింది?

వెయ్యి ఇళ్ల ఊరు

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక ఊళ్లో 1000 ఇళ్లు ఉన్నాయనుకోండి. ప్రతి ఇంటికీ నెలకు ఒక సీసా కావాలి. ఊరికి నెలకు 1000 సీసాలు వస్తాయి. అందరికీ సరిపోతాయి.

ఒకరోజు "రేపటినుంచి సీసాలు దొరకవట!" అని పుకారు పుట్టింది. ముందుగా మేలుకొన్న 300 ఇళ్లవాళ్లు తలా మూడు సీసాలు కొనేశారు. 900 సీసాలు అయిపోయాయి. మిగిలిన 700 ఇళ్లకు 100 సీసాలే ఉన్నాయి. అంటే 600 ఇళ్లకు ఒక్క సీసా కూడా దొరకదు!

గమనించారా? ఫ్యాక్టరీ ఒక్క సీసా కూడా తక్కువ తయారు చేయలేదు. అయినా కొరత వచ్చింది. 2020లో శానిటైజర్ వాడకం నిజంగానే పెరిగింది. దానికి భయం కూడా తోడయ్యేసరికి చిన్న కొరత పెద్దదైంది.

ఇప్పుడు ఇంకొక వ్యక్తి వస్తాడు. మిగిలిన 100 సీసాలనూ ఒక్కడే కొని ఇంట్లో పెట్టుకుంటాడు. అతనికి వాటితో పనిలేదు. సీసా దొరకని ఇంటివాళ్లు ఎంత ధరైనా ఇస్తారని అతనికి తెలుసు. పూర్వం ఇలాంటి సరుకు నల్లబజారుకు చేరేది. ఈ రోజుల్లో అది ఫోను తెరమీదికి కూడా చేరుతోంది.

అమెరికాలో సరిగ్గా ఇదే జరిగింది. 2020 మార్చిలో టెనెసీ రాష్ట్రానికి చెందిన ఇద్దరు ఊరూరా తిరిగి దుకాణాల్లోని శానిటైజర్లను కొనేశారు. అమెజాన్‌లో 300 సీసాలు అమ్మారు. ఒక్కొక్కటి 8 డాలర్ల నుంచి 70 డాలర్ల దాకా! ఆ తరువాత అమెజాన్ అలాంటి అమ్మకాలను ఆపేసింది. వాళ్ల దగ్గర 17,700 సీసాలు మిగిలిపోయాయి. ఒకపక్క జనం శానిటైజర్ కోసం వెతుక్కుంటుంటే, మరొకపక్క అన్ని సీసాలు ఒకచోట మూలుగుతున్నాయి! రాష్ట్ర అధికారులు విచారణ మొదలుపెట్టారు. చివరికి ఆ సరుకును దానంగా ఇచ్చేయవలసి వచ్చింది.

మీ వీధిలోని కిరాణా కొట్టు యజమాని ఇంతకు తెగించడం కష్టం. మీరు రేపు కూడా అతని దగ్గరికే రావాలి. "కష్టకాలంలో మమ్మల్ని దోచుకున్నాడు" అని వీధివాళ్లు అనుకుంటే అతని వ్యాపారం దెబ్బతింటుంది. ఆన్‌లైన్‌లో అమ్మేవాడు ఎక్కడో ఉంటాడు, కొనేవాడు మరెక్కడో ఉంటాడు. ఒకరి ముఖం ఒకరు చూడరు. ఆ మొహమాటం అక్కడ పనిచేయదు.

మనిషి చూడకుండానే పెరిగే ధర

ఆన్‌లైన్ దుకాణాల్లో మరొక విచిత్రం ఉంది. అక్కడ చాలా ధరలను మనుషులు కాదు, కంప్యూటర్ ప్రోగ్రాములు మారుస్తుంటాయి. అవి తోటి అమ్మకందారుల ధరలను చూసి తమ ధరను సవరించుకుంటాయి. ఇది ఎంతదూరం పోగలదో చూడండి.

అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలు మీకు తెలుసు కదా! వాటి పిండం ఎలా పెరుగుతుందో వివరిస్తూ పీటర్ లారెన్స్ అనే శాస్త్రవేత్త 1992లో 'ది మేకింగ్ ఆఫ్ ఎ ఫ్లై' అనే పుస్తకం రాశాడు. 2011 ఏప్రిల్‌లో అమెజాన్‌లో ఈ పుస్తకం పాత ప్రతులు సుమారు 35 డాలర్లకు దొరుకుతున్నాయి. కొత్త ప్రతులు మాత్రం ఇద్దరు అమ్మకందారుల వద్దే ఉన్నట్లు కనిపించింది. ఏప్రిల్ 18న వాటిలో ఒకదాని ధర 2 కోట్ల 36 లక్షల డాలర్లు దాటింది!

మైకేల్ ఐసెన్ అనే జీవశాస్త్రవేత్త ఆ ధరలను రోజూ గమనించి రహస్యం పట్టుకున్నాడు. మొదటి అమ్మకందారు ప్రోగ్రాము తన ధరను రెండవవాడి ధరకు 0.9983 రెట్లుగా పెడుతోంది. అంటే పోటీవాడికంటే కాస్త తక్కువ. రెండవవాడి ప్రోగ్రాము మొదటివాడి ధరకు 1.270589 రెట్లుగా పెడుతోంది. ఈ రెండు సంఖ్యలనూ గుణించండి. సుమారు 1.268 వస్తుంది. ఇది ఒకటికంటే ఎక్కువ. కాబట్టి ఒక చుట్టు తిరిగేసరికి ధర సుమారు 27 శాతం పెరుగుతుంది. చక్రవడ్డీ లెక్క మీకు తెలుసుగా! పది చుట్లు తిరిగితే ధర 10 రెట్లు దాటిపోతుంది. రోజుకు ఒక చుట్టు చొప్పున 35 డాలర్లు రెండు కోట్ల డాలర్లు కావడానికి రెండు నెలలు చాలు!

ఇక్కడ ఎవరూ దురాశపడలేదు. ఎవరూ చూడలేదు, అంతే. కొరత రోజుల్లో ఇలాంటి ప్రోగ్రాము ఏం చేస్తుందో ఊహించండి. పోటీదారుల సరుకు అయిపోయిందని, కొనేవారు పెరిగారని అది గ్రహించవచ్చు. వారు ఎందుకు కొంటున్నారో, వారి ఇంట్లో రోగి ఉన్నాడో లేడో దానికి తెలియదు. గరిష్ఠ ధర ఇంత అని మనిషి ముందుగా చెబితేనే అది ఆగుతుంది.

ధర పెరగడం ఎప్పుడూ తప్పేనా?

ఎప్పుడూ కాదు. వానలకు తోటలు పాడై టమాటా ధర పెరిగిందనుకోండి. కొందరు పప్పులో టమాటాకు బదులు చింతపండు వేసుకుంటారు. ధర చూసి మరికొందరు రైతులు టమాటా నాటుతారు. కొన్ని నెలలకు ధర దిగివస్తుంది. ఇక్కడ ధర ఒక వార్తాహరుడిలా పనిచేసింది. సరుకు తయారుచేసే ఖర్చు, రవాణా ఖర్చు పెరిగినా ధర పెరగడం సహజమే.

కానీ ఈ వార్త పనిచేయడానికి రెండు కావాలి. ఒకటి, సరుకు పెంచడానికి వ్యవధి. రెండు, మరొక వస్తువుతో సరిపెట్టుకునే వీలు. ఆపద ముంచుకువచ్చిన మొదటి వారాల్లో ఫ్యాక్టరీ వెంటనే పెరగదు. అప్పుడు పెంచిన ధర కొత్త సీసాను తయారు చేయదు. ఉన్న సీసా ఎవరి చేతికి పోవాలో మాత్రమే నిర్ణయిస్తుంది. అది ఎక్కువ అవసరమున్నవారికి కాక, ఎక్కువ డబ్బున్నవారికి పోతుంది.

అంటువ్యాధి విషయంలో మరొక చిక్కు ఉంది. మీ ఇంట్లో పది సీసాలు ఉండి, పక్కింట్లో ఒక్కటీ లేకపోతే మీకు రక్షణ పెరిగినట్టా, తగ్గినట్టా? వైరస్ జేబులు తడిమి చూసి రాదు. పక్కింటి చేతులు శుభ్రంగా ఉండటం మీకూ రక్షణే.

అలాగని ధర కట్టేస్తే చాలదు. తయారీ ఖర్చుకంటే తక్కువ ధర కడితే సరుకు మళ్లీ చాటుకు పోతుంది. అందుకే ఆనాడు సరఫరా పెంచే పని కూడా జరిగింది. చక్కెర మిల్లులు, సారా బట్టీలు శానిటైజర్ తయారుచేయడానికి అనుమతించారు. నిత్యావసర వస్తువుల ఉత్తర్వు 2020 జూన్ 30తో ముగిసింది. అప్పటికి సరుకు చాలినంత ఉన్నందున దాన్ని పొడిగించలేదు.

ఇంట్లోనే ఉన్న జవాబు

శానిటైజర్ కోసం జనం పరుగులు పెడుతున్న రోజుల్లో ప్రతి ఇంట్లోనూ దానికి దీటైన వస్తువు ఒకటి ఉంది. అదే సబ్బు! కోవిడ్ వైరస్‌కు కొవ్వుతో చేసిన పలుచని పొర ఉంటుంది. సబ్బు అణువుకు ఒక కొస నీటిని, మరొక కొస కొవ్వును అంటుకుంటుంది. 20 సెకన్ల పాటు చేతులు రుద్దితే ఆ పొర ఛిద్రమై వైరస్ పనికిరాకుండా పోతుంది. ఈ సంగతి తెలిసినవారు శానిటైజర్‌కు పెద్ద ధర ఇవ్వవలసిన పనిలేదు. ఒక వస్తువు ఎలా పనిచేస్తుందో తెలిస్తే, దానికి బదులు ఏది వాడవచ్చో కూడా తెలుస్తుంది. అప్పుడు కొరత సగం తగ్గినట్టే.

మీరు ఏం చేయవచ్చు?

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు 100 మిల్లీలీటర్లకు లేదా 100 గ్రాములకు ఎంత పడుతున్నదో లెక్క కట్టండి. చిన్న సీసాకు పెద్ద ధర పెడితే ఈ లెక్కలో బయటపడుతుంది. రవాణా ఖర్చును కూడా కలిపి చూడండి. కొందరు ధర తక్కువ చూపి, ఆ ఖర్చులో రాబట్టుకుంటారు. పొట్లం మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరకు, అంటే ఎమ్మార్పీకి, మించి అమ్మడం మన దేశంలో నేరం. ఆన్‌లైన్ దుకాణాలు అసాధారణ పరిస్థితులను అడ్డం పెట్టుకొని అన్యాయమైన ధరలు వసూలు చేయకూడదని 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఇలాంటివి కనిపిస్తే పెద్దల చేత 1915 నంబరుకు ఫోను చేయించి ఫిర్యాదు ఇవ్వవచ్చు. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు.

ఇక మీకొక పని. మీ ఇంట్లో నెలకు ఎన్ని సబ్బులు, ఎంత ఉప్పు, ఎంత నూనె వాడుతున్నారో అమ్మను, నాన్నను అడిగి ఒక కాగితం మీద రాసి వంటింట్లో అంటించండి. రేపు ఏదో దొరకదని పుకారు వచ్చినప్పుడు ఆ కాగితం చూసి, అందులో రాసినంతే కొనమని చెప్పండి. మనం చెప్పుకున్న ఊళ్లో ఆ 300 ఇళ్లవాళ్లూ ఇలాగే చేసివుంటే ఎన్ని ఇళ్లకు సీసా దొరికేది? లెక్క కట్టి చూడండి.